ఏప్రాన్ నాదే, మాత్రలు నావి కావు

కిందటి వారం మనం జేబులక్కను జేబుల బల్ల దగ్గరే వదిలేసి వచ్చాం. ఆమె ఎడమచేతి రబ్బరు తొడుగులో సగానికి కత్తిరించిన మాత్రల స్ట్రిప్పు ఉంది. ఎదురుగా సూపర్‌వైజరు ఈల సారు ఉన్నాడు. "ఆ చేతిలో ఏముందక్కా?" అని ఆయన అడిగిన మాటకు ఆమె ఇంకా జవాబు చెప్పలేదు.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆ లాండ్రీకి ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ పక్కబట్టలు, ఫ్యాక్టరీల యూనిఫారాలు మూటలు మూటలుగా వచ్చిపడతాయి. అవి మిషన్లోకి పోయే ముందు ప్రతి జేబులోనూ ఒక మనిషి చెయ్యి పెట్టి వెతకాలి. ఆ మనిషే జేబులక్క. అసలు పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పెన్నులు, తాళాలు, సూదులు, ఎవరో ఎవరికో ఇవ్వాలనుకుని ఇవ్వలేకపోయిన ఉంగరాలు, ఒకసారైతే కట్టుడు పళ్ళు కూడా ఆ చేతికి తగిలాయి. ఏది దొరికినా రేకు పళ్ళెంలో పెట్టేయాలి. ఎవరిదని అడగకూడదు, ఎవరితోనూ అనకూడదు. పోగొట్టుకున్నవాళ్ళు తల దించుకుని వచ్చి తీసుకుపోతారు. అది ఆ బల్ల కట్టుబాటు. జేబులక్క చేతికి వచ్చాక ఆ కట్టుబాటు ఏనాడూ తప్పలేదు.

ఈ మధ్యాహ్నం తప్పింది. ఎందుకంటే ఆ స్ట్రిప్పు దొరికింది ఆమె కొడుకు ఏప్రాన్ జేబులో.

కొడుకు సంగతి ఆ లాండ్రీలో అందరికీ తెలుసు. మంచి పనిలో ఉన్నవాడు మాత్రల పాలబడ్డాడు. ఉద్యోగం పోయింది, స్నేహితులు పోయారు, ఒక రాత్రి ఊపిరి కూడా పోయినంత పనైంది. చికిత్సాలయంలో చాలాకాలం ఉండి తిరిగొచ్చాడు. జేబులక్క ఈ లాండ్రీ నడిపే మేడం కాళ్ళావేళ్ళా పడి ఇక్కడ రోలరు మీద పని ఇప్పించింది. ఇంట్లో ఇప్పటికీ వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది. బాత్రూంలో కుళాయి చప్పుడు కాస్త ఎక్కువసేపు వినిపిస్తే తలుపు దగ్గరికి పోయి ఏదో ఒక వంకతో పిలుస్తుంది. తండ్రి ఇదే లాండ్రీలో బాయిలరు చూస్తాడు. ఆయన కొడుకుతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పక తప్పకపోతే గోడ వైపు తిరిగి, "తలుపు వేసుకొమ్మని చెప్పండి" అంటాడు. గోడ చెప్పినా చెప్పకపోయినా కొడుకు లేచి తలుపు వేసి వస్తాడు.

ఇక ఈ మధ్యాహ్నానికి వద్దాం.

"ఏమీ లేదు సార్" అంది జేబులక్క.

"ఏమీ లేకపోతే తొడుగు తియ్యక్కా. పళ్ళెంలోకి పోవాల్సింది తొడుగులోకి పోవడం నా కళ్ళతో చూశాను."

"సూది గుచ్చుకుంది సార్. నొప్పికి చెయ్యి ముడుచుకున్నా, అంతే."

"సూదే అయితే ఇంకా తొందరగా తియ్యాలి."

ఈల సారుకు ఆ పేరు మెడలో వేలాడే ఈల వల్ల వచ్చింది. టీకి ఈల, భోజనానికి ఈల, మిషన్లు ఆపాలన్నా ఈలే. మాట కంటే ముందు ఆయన నోట్లో ఈల ఉంటుంది. అలాంటిది ఇప్పుడు ఈలను చొక్కా లోపలికి తోసేసి మామూలు గొంతుతో మాట్లాడుతున్నాడు. అది చూసే జేబులక్క ఇక తొడుగు తియ్యక తప్పదనుకుంది.

తొడుగు తీసేసరికి స్ట్రిప్పు బల్ల మీద పడింది. అందులో కొన్ని గుంతలు ఖాళీ. కొన్నింటిలో ఎర్రగీత ఉన్న తెల్లమాత్రలు ఇంకా ఉన్నాయి. ఆ ఎర్రగీతను ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది. డాక్టరు రాసిస్తే తప్ప ఇవ్వకూడని నొప్పి మాత్రలవి. ఎవరూ రాయకుండానే కొడుకు ఒకప్పుడు వాటిని బఠాణీల్లా మింగేవాడు.

ఈల సారు ఏప్రాన్ అంచు తిప్పి, అది ఏ పనివాడిదో చెప్పే నంబరు చూశాడు. చూసి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉందని జేబులక్కకు అనిపించింది. అయినా ఆమె మనసు అప్పటికే ఎక్కడెక్కడికో పోయింది. పని పోతుంది. పని పోతే వాడు ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చుంటే పాతవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. మళ్ళీ ఆ రాత్రి, మళ్ళీ ఆ నీలం తిరిగిన పెదాలు. ఈసారి అంబులెన్సు ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది. బల్ల దగ్గర నిలబడి ఉండగానే ఆమె కొడుకును శ్మశానం దాకా మోసుకుపోయి వచ్చింది.

"సార్, మీకు దండం పెడతాను. ఒక్క అరగంట నాకివ్వండి. నేనే వాడితో మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడేలోపు వాడు రోలరు మీద చెయ్యి పెడితే? పొద్దున ఏమైందో నీకు తెలీదా?"

తెలుసు. పొద్దున రోలరు ఉన్నట్టుండి ఆగిపోయింది. రోలరంటే నిప్పులాంటి ఇనుప డ్రమ్ము. ఇటువైపు ఇద్దరు తడిదుప్పటి అంచులు పట్టుకుని అందిస్తే అటువైపు పొడిగా, మడత లేకుండా బయటికొస్తుంది. చెయ్యి పొరపాటున దుప్పటితోపాటు లోపలికి పోతే ఇక ఆ చెయ్యి ఉండదు. అందుకే మోకాలెత్తున ఒక ఎర్రకడ్డీ ఉంటుంది. దాన్ని తంతే మిషను ఆగుతుంది. పొద్దున ఆ కడ్డీని తన్నింది కొడుకే. లోపల చిక్కిన దుప్పట్లు కమిలి పసుపురంగుకు తిరిగాయి. ఎందుకు ఆపావని సారు అడిగితే వాడు, "పొరపాటైంది సార్" అని ఊరుకున్నాడు.

అప్పుడు మోగింది ఈల. పొడుగ్గా, తెంపు లేకుండా. ఒకదాని వెంట ఒకటి మిషన్లన్నీ ఆగిపోయాయి. డ్రమ్ముల హోరుకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం దెబ్బలా తగిలింది. మడతలు వేసే హాలులోకి అందరూ వచ్చి చేరారు. అద్దాల గదిలోంచి మేడం వచ్చింది. బాయిలరు వదిలి రాకూడదు కాబట్టి తండ్రి ఒక్కడే రాలేదు. జేబులక్క ఆ ఒక్కదానికీ మనసులో దేవుడికి దండం పెట్టుకుంది.

కొడుకు అందరి కంటే ఒక తల ఎత్తు ఎక్కువ. అందుకే ఇక్కడ వాణ్ణి పొడుగోడంటారు. వాడు వచ్చి బల్ల మీద ఉన్నదాన్ని చూశాడు. తల్లిని చూశాడు. ఏప్రాన్ చూశాడు. ముఖంలో ఏదో అర్థమైనట్టు ఒక్క క్షణం కదలిక వచ్చి, మళ్ళీ సర్దుకుంది.

"ఈ ఏప్రాన్ ఎవరిది?" ఈల సారు అడిగాడు.

"నాదే సార్."

జేబులక్క ఇక ఆగలేకపోయింది. "మాత్రలు నావి. వాడివి కావు మేడం. నడుం నొప్పికి తెచ్చుకున్నాను. ఆ ఏప్రాన్ కొక్కేనికి ఉంటే నాదనుకుని అందులో పెట్టాను. నా చేతకానితనం. నన్ను తీసెయ్యండి."

చెబుతుండగానే ఆమెకు తెలిసిపోయింది, ఎవరూ నమ్మడం లేదని. మడతల అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంతకు ముందు వాడి కోసం ఆడిన అబద్ధాలన్నీ ఇలాగే ఉండేవి. జ్వరమని, ప్రయాణమని, ఫోను పాడైందని. అబద్ధం చెప్పేటప్పుడు ఆమె గొంతు సన్నబడి చిన్నపిల్ల గొంతులా అయిపోతుంది.

"అమ్మా" అన్నాడు కొడుకు. "ఇంక చాలమ్మా. నా కోసం నువ్వు ఆడినన్ని అబద్ధాలు ఏ తల్లీ ఆడి ఉండదు. ఇవాళ ఆ అవసరం లేదు."

తర్వాత మేడం వైపు తిరిగాడు. "ఏప్రాన్ నాదే మేడం. మాత్రలు నావి కావు."

"మరి ఎవరివి?"

"చెప్పను."

హాలంతా గుసగుసలు. ఈల సారు చేతులు కట్టుకున్నాడు. "చెప్పనంటే నీవేనని అర్థం. అబ్బాయ్, నీ మీద నాకేం పగ లేదు. మా తమ్ముడు కూడా ఇలాగే నిటారుగా నిలబడి నావి కావనేవాడు. నేను నమ్మేవాణ్ణి. నమ్మి నమ్మి వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాను."

ఆ మాటతో గుసగుసలు ఆగిపోయాయి. ఈల సారు ఇంట్లో అలాంటిదొకటి జరిగిందని ఇన్నాళ్ళూ అక్కడ ఎవరికీ తెలియదు.

"మీరు నన్ను నమ్మొద్దు సార్" అన్నాడు కొడుకు. గొంతు పెంచలేదు. "నమ్మమని నేను అడగను. నా స్థానంలో ఉన్నవాణ్ణి నేనైనా నమ్మను. చికిత్సాలయంలో మూత్రపరీక్ష చేస్తారు. ఇప్పుడే తీసుకెళ్ళండి, వస్తాను. కానీ వెళ్ళేముందు ఒక్క పని చెయ్యండి. ఎవరివో తేలేదాకా ఆ రోలరు మళ్ళీ వెయ్యకండి. నన్ను తీసేసినా సరే. రోలరు మాత్రం వెయ్యకండి."

"ఎందుకు?"

"ఇవి మింగిన మనిషికి వేడి తెలీదు సార్. చెయ్యి ఎక్కడుందో తెలీదు. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి ఉండడు. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను."

అప్పుడు వాడు చెప్పిన మాటలు జేబులక్క ఎన్నడూ విననివి. ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పనివాడు ఇక్కడ ఇంతమంది ముందు విప్పాడు.

"అందరూ ఏమనుకుంటారంటే, ఇదేదో చెడుతిరుగుళ్ళు తిరిగేవాళ్ళకే వచ్చే జబ్బని. నాకు పన్నునొప్పితో వచ్చింది. ఒక స్నేహితుడు మాత్ర ఇచ్చాడు. నొప్పి పోయింది. దానితోపాటు ఇంకేవేవో పోయాయి. పని భయం, అప్పటిదాకా ఉన్న దిగులు, అన్నీ. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పన్ను పీకించేశాక కూడా వేసుకున్నాను. ఒకటి చాలక రెండు. తర్వాత హాయి కోసం కాదు, వేసుకోకపోతే వచ్చే వణుకు ఆపుకోవడానికి. మా అమ్మ ఏడుస్తుంటే నాకు వినపడేది. కానీ పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టు వినపడేది. అదీ దాని పని."

జేబులక్క బల్ల అంచు పట్టుకుంది. పక్కింట్లో ఏడుపు. ఆ ఒక్కమాటకు ఆమెకు ఆ రోజులన్నీ తిరిగి అర్థమయ్యాయి. వాడు కఠినుడు కాడు. వాడికి తను దూరంగా వినపడింది, అంతే.

"ఇక్కడ ఎవరు వేసుకుంటున్నారో వాళ్ళకు చెబుతున్నాను. పేరు చెప్పనక్కర్లేదు. టీ వేళ నా పక్కన వచ్చి కూర్చోండి చాలు. సాయంత్రం నాతో వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. మీ అంతట మీరు పౌరుషానికి పోయి ఒక్కసారిగా మానెయ్యకండి. ఒళ్ళు తట్టుకోలేదు. మానేసి కొన్నాళ్ళయ్యాక మళ్ళీ పాత లెక్కన వేసుకుంటే ఊపిరే ఆగిపోతుంది. నాకు ఆ రాత్రి జరిగింది అదే."

చివరి వరసలోంచి ఒక నవ్వు వినిపించింది. నవ్వింది దొరసాని.

దొరసాని గురించి కూడా చెప్పాలి. రోలరు మీద అందరికంటే పాత మనిషి. నడక చూసి ఎవరో దొరసాని అన్నారు, అదే నిలిచిపోయింది. ఆమె మడత చూసిన కంటికి ఇంకొకరి మడత ఆనదు. ఈల సారు కూడా ఆమె ముందు ఈల కాస్త మెల్లగా ఊదుతాడు. ఈ పిల్లవాణ్ణి పనిలో పెట్టుకునేటప్పుడు అందరికంటే గట్టిగా అడ్డుపడింది ఆమే. "మత్తుగాణ్ణి తెచ్చి నా పక్కన నిలబెడతారా? వాడి చెయ్యి పోతే పోయింది, నా దుప్పటి పాడవుతుంది" అని మేడం ముఖం మీదే అంది. ఆ మాట జేబులక్క గుండెలో ఇప్పటికీ ముల్లులా ఉంది.

అందుకే ఆ నవ్వు వినగానే జేబులక్కకు ఒళ్ళు మండింది. "నవ్వుతావేం అక్కా? నీకు నవ్వులాటగా ఉందా? నా బిడ్డ ఇక్కడ ఉరికంబం ఎక్కినట్టు నిలబడితే?"

"నీ బిడ్డను చూసి కాదే నవ్వింది" అంది దొరసాని. గుంపును చేతులతో పక్కకు తోసుకుంటూ ముందుకు వచ్చింది. నడక మామూలుగానే ఉంది, కానీ దగ్గరికి వచ్చేసరికి నుదుటి మీద చెమట సన్నగా మెరిసింది. "నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. మేడం, ఆ మాత్రలు నావి."

ఆమె బల్ల మీది ఏప్రాన్ ఎత్తి అందరికీ చూపింది.

"పొద్దున నా ఏప్రాన్ మొత్తం తడిసిపోయింది. ఈ పొడుగోడు తనది విప్పి ఇచ్చాడు. కట్టుకోండి పెద్దమ్మా, చలికి వణుకుతున్నారన్నాడు. నేను వణుకుతున్నది చలికి కాదని వాడికి అప్పుడే తెలుసు. నేనే తెలివైనదాన్ననుకుని మాత్రలు ఆ జేబులో పెట్టుకుని, భోజనానికి పోయేటప్పుడు విప్పి ఉతుకుడు మూటలో పడేశాను. మతి ఉంటేగా. ఇన్నేళ్ళుగా జేబు చూసుకోకుండా మూటలో బట్ట వేసినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టినదాన్ని నేను."

"మరి రోలరు..." అని ఈల సారు సగంలో ఆగిపోయాడు.

"దాని సంగతీ చెప్పేస్తాను సారూ, వినండి. వాడికి పొరపాటు కాలేదు. దుప్పటి పట్టుకుని నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే కునికాను. చెయ్యి లోపలికి పోతోంది. నాకు తెలీదు. వాడు కాలెత్తి కడ్డీని తన్నాడు, నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు." దొరసాని కుడిచెయ్యి ఎత్తి అందరికీ చూపించింది. వేళ్ళ చివర్లు కాస్త ఎర్రగా కందాయి. "ఈ చెయ్యి ఇవాళ నా భుజానికి ఉందంటే వాడి వల్లే ఉంది. దుప్పట్లు కాలినందుకు తిట్లు వాడు తిన్నాడు. ఇప్పుడు పని కూడా పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు. వాణ్ణి నేను మత్తుగాడన్నాను. ఈ ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"పెద్దమ్మా, నేను చెప్పొద్దనుకున్నాను" అన్నాడు కొడుకు. "మీరే చెప్పాలి. ఇంకొకరు చెబితే కోపమొస్తుంది. కోపమొస్తే ఇంకా వేసుకుంటాం. నాకు అలాగే అయ్యేది."

"ఎప్పట్నుంచి?" మేడం అడిగింది.

"వెన్ను విరిగేలా నొప్పి మేడం. నిలబడి నిలబడి. సెలవు పెడితే నా చోట్లోకి ఇంకొకరు వస్తారని భయం. ఒకటి వేసుకుంటే షిఫ్టంతా నిలబడగలిగేదాన్ని. నిలబడగలిగానని గర్వం కూడా. ఈ వయసులో కూడా దొరసాని అలిసిపోదని మీరంతా అనుకునేవాళ్ళు కదా. అలిసిపోనిది నేను కాదమ్మా, ఆ మాత్ర."

జేబులక్క చూస్తుండగానే ఒక విచిత్రం జరిగింది. ఇస్త్రీ పెట్టె దగ్గర పనిచేసే మీసాలాయన గొంతు సవరించుకుంటూ వచ్చి, జేబులోంచి దగ్గుమందు సీసా తీసి రేకు పళ్ళెంలో పెట్టాడు. "దగ్గు తగ్గి చాలా రోజులైంది" అని మాత్రం అని వెనక్కి పోయాడు. మడతల అమ్మాయి ఒకతి కళ్ళు తుడుచుకుంటూ నిద్రమాత్రల డబ్బా పెట్టింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. బల్ల కట్టుబాటు అదే కదా. జేబులక్క అక్కడే నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ పళ్ళెం దగ్గర అంత నిటారుగా నిలబడిన గుర్తు ఆమెకు లేదు.

మేడం పళ్ళెంలోని వాటిని ఒక్కొక్కటిగా చూసింది. చివరికి, "ఇవాళ ఎవర్నీ తీసెయ్యడం లేదు. రోలరు ఎక్కే ముందు మాత్రం అందరం ఒకరి కళ్ళు ఒకరం చూసుకుని ఎక్కుతాం. అందులో నేనూ ఉంటాను" అంది. "పొడుగబ్బాయ్, ఆ డాక్టరు ఎక్కడ? పెద్దమ్మను నా కారులో తీసుకెళ్దాం."

ఈల సారు పొడుగోడి దగ్గరికి వచ్చాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాడు. భుజం ఎత్తుగా ఉండటం వల్ల కాస్త మడమలెత్తాల్సి వచ్చింది. అది చూసి మడతల అమ్మాయిలు ఏడుపులోనే నవ్వారు.

జేబులక్క నవ్వలేదు, ఏడవలేదు. కొడుకు ముఖంలోకి తేరిపార చూసింది. వాడు చిన్నప్పుడు బడిలో బహుమతి తెచ్చినప్పుడు కలిగింది గర్వమే. మొదటి జీతం చేతిలో పెట్టినప్పుడు కలిగిందీ గర్వమే. వాటన్నింటి వెనకా, ఇది ఎప్పుడు పోతుందో అనే బెంగ ఉండేది. ఇప్పుడు కలిగినదాని వెనక ఆ బెంగ కోసం వెతికింది. దొరకలేదు. వీణ్ణి కన్నది తను. ఊపిరి పోయి తిరిగొచ్చిన మనిషి ఇంకొకరి చేతిని రోలరులోంచి లాగాడు. లాగి, నోరు మూసుకుని తిట్లు తిన్నాడు. ఎవరైనా అడిగితే బాగుండు, వాడెవరి కొడుకని.

అంతలో కొడుకు దొరసానిని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. బల్ల మీది స్ట్రిప్పు తీసుకుని అంచు చూశాడు. "పెద్దమ్మా, ఇది కత్తెరతో కత్తిరించిన ముక్క. మిగతా సగం ఎక్కడుంది?"

దొరసాని నీళ్ళ గ్లాసులోకి చూసింది.

"దుకాణంలో కొన్నది కాదు ఇది. డాక్టరుకు చెప్పాలి పెద్దమ్మా. ఎవరిచ్చారు?"

"అడక్కురా. ఇప్పుడే కాస్త ఊపిరి తీసుకున్నారు మీ ఇంట్లో."

ఆ "మీ ఇంట్లో" అన్న మాట జేబులక్క చెవిలో పడింది. "మా ఇంటికేమిటక్కా సంబంధం?"

దొరసాని ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది. "పొద్దున నొప్పికి ఓర్చుకోలేక వెనక మెట్ల మీద కూలబడ్డాను. ఆయన చూశాడు. తన దగ్గరున్నదాన్ని కత్తిరించి ఇచ్చాడు. మోకాళ్ళకు వాడుతున్నా, బాగా పనిచేస్తుందని మొదట్లోనే చెప్పాడు. 'మావాడికి మాత్రం తెలియనివ్వకు, వాడి ముందు తలెత్తుకోలేను' అన్నాడు. నాకు ఇస్తున్నది ఇవాళ్టితో మొదలు కాదే అమ్మాయీ."

"ఎవరక్కా?"

"బాయిలరు దగ్గరున్నాయన. మీ ఆయన."

జేబులక్కకు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. ఈ మధ్య ఆయన మోకాళ్ళ గురించి మూలగటం మానేశాడు. భోజనం దగ్గర కునుకుతున్నాడు. వయసు మీద పడిందనుకుంది. కొడుకు మీద అలిగి కూడు సహించడం లేదనుకుంది. కళ్ళలో వత్తులేసుకుని కొడుకును కాపలా కాస్తుంటే, మంచానికి ఇటువైపున ఆయన ఏమైపోతున్నాడో చూసుకోలేదు.

ఆమె పరుగెత్తబోయింది. కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఏడుస్తూ వెళ్తే ఆయన ఒప్పుకోడమ్మా. నేను మాట్లాడతాను."

"నీతో మాట్లాడడురా ఆయన."

"నేను మాట్లాడతాగా."

బడి ప్రధానోపాధ్యాయుడి ముందుకు, పోలీసుస్టేషన్‌కు, చికిత్సాలయం గుమ్మానికి, ప్రతిచోటికీ ఆమే ముందు నడిచింది, కొడుకు వెనక నడిచాడు. వచ్చే దెబ్బ తన మీద పడనీ అని. ఇవాళ వెనక వరండాలో కొడుకు ముందు నడుస్తుంటే ఆమె వెనక నడిచింది. వాడి వీపు విశాలంగా, స్థిరంగా ఉంది. ఇంత భయంలోనూ ఆ వీపును చూసి ఆమె ఛాతీ నిండింది.

బాయిలరు గది తలుపు మూసి ఉంది. కొడుకు మెల్లగా తట్టాడు.

"నాన్నా. నేను. నిలదీయడానికి రాలేదు. పక్కన కూర్చోడానికి వచ్చాను. తలుపు తియ్యి నాన్నా."

లోపల అడుగుల చప్పుడైంది. ఈడ్చుకుంటూ తలుపు దాకా వచ్చి ఆగింది. తర్వాత గడియ పడింది, లోపలి నుంచి.

"వెళ్ళిపోరా" అంది తండ్రి గొంతు. మాటలు ఒకదానికొకటి అంటుకుపోయినట్టు వచ్చాయి. "నాకు నిద్రొస్తోంది."

కొడుకుతో ఆయన నేరుగా ఆడిన మాట, ఎన్నాళ్ళకో.

కొడుకు ఇంకేదో అనబోతూ తలెత్తి, తలుపు పక్కన గోడకున్న ఆవిరి మీటరు చూశాడు. చూసిన చూపు అక్కడే ఆగింది. జేబులక్క కూడా చూసింది. భర్త ఎన్నోసార్లు చెప్పిన మాట ఆమెకు తెలుసు. మిషన్లు ఆగిన వెంటనే బాయిలరు మంట తగ్గించాలి, లేకపోతే వాడకం లేని ఆవిరి లోపలే పెరిగి బాయిలరు పేలిపోతుంది. హాలులో మిషన్లు ఆగి చాలాసేపైంది. లోపల మంట మాత్రం ఎప్పటిలాగే గుర్రుమంటోంది. మీటరు ముల్లు ఎర్రగీతను దాటి ఇంకా కదులుతోంది. ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే పైకప్పు మీది వాల్వు ఈపాటికి కూత పెట్టాలి. పెట్టలేదు.

"నాన్నా, మంట తగ్గించు. వినపడుతోందా? నాన్నా."

బరువైనదేదో తలుపుకు ఆనుకుని కిందికి జారిన చప్పుడు.

కొడుకు తల్లి వైపు తిరిగాడు. ముఖం పాలిపోయినా గొంతు మారలేదు. "అమ్మా, పరుగెత్తు. ఈల సారుకు చెప్పి అందర్నీ రోడ్డు మీదికి పంపించెయ్యి. ఒక్కరు కూడా లోపల ఉండకూడదు."

"మరి నువ్వు?"

"కిటికీ లోంచి దూరతాను. ఆయన్ను ఒక్కణ్ణే వదిలి రాలేనమ్మా."

మూసిన తలుపు దగ్గర కొడుకును ఒంటరిగా వదిలి ఆమె ఏనాడూ కదిలింది లేదు. కుళాయి చప్పుడుకే లేచి కూర్చునే తల్లి. వాడి కళ్ళలోకి చూసింది. వాడు బతిమాలడం లేదు. తల్లి చేస్తుందని నమ్మి, అప్పటికే కిటికీ చువ్వలను రెండు చేతులా పట్టుకుని లాగుతున్నాడు.

జేబులక్క వాడికి వీపు తిప్పింది. హాలు వైపు పరుగెత్తింది. వెనక కిటికీ అద్దం భళ్ళున పగిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.